"విత్ రెస్పెక్ట్" అనగానే ఆపి అడగండి

లండన్ క్లయింట్లతో పనిచేసే మన పిల్లలకు నేను చెప్పేది ఒకటే. ఇంగ్లీషువాళ్ల మెత్తని మాటలు మీరు నేర్చుకోకండి, వాళ్లు వాడినా ఊరుకోకండి.

"విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్" అని మొదలుపెట్టగానే ఆపండి. "నేను చెప్పింది తప్పంటారా?" అని అక్కడే, అందరి ముందే అడగండి. తర్వాత విడిగా ఫోన్ చేద్దాంలే అనుకుంటే, అప్పటికది "అబ్బే, అదేం లేదు" అయిపోతుంది. మీ ప్లాన్ చూసి "ఇంట్రెస్టింగ్" అంటే "అంటే వద్దనా?" అనండి. "ఐ హియర్ వాట్ యూ సే" అన్నవాళ్లను, విన్నారు సరే, ఒప్పుకున్నారో లేదో తేల్చేదాకా కాల్ వదిలి వెళ్లనివ్వకండి. "క్వైట్ గుడ్" మరీ మోసం. అమెరికావాళ్లంటే చాలా బాగుందని. అదే బ్రిటన్‌వాళ్ల నోట చాలాసార్లు పర్వాలేదులే అని. పదికి ఎన్ని మార్కులో చెప్పమనండి.

ఇది అమర్యాద అంటారా? మెత్తని మాట ఎక్కడిదాకా తీసుకెళ్తుందో వినండి. 1951 ఏప్రిల్‌లో కొరియాలోని ఇమ్‌జిన్ నది దగ్గర చైనా సేనలు బ్రిటిష్ 29వ బ్రిగేడ్ మీద విరుచుకుపడ్డాయి. గ్లోస్టర్‌షైర్ రెజిమెంట్ బెటాలియన్‌ను ఒక గుట్ట మీద చుట్టుముట్టాయి. అప్పుడు బ్రిగేడియర్ టామ్ బ్రోడీ తన పైనున్న అమెరికన్ జనరల్ రాబర్ట్ సోల్‌తో "థింగ్స్ ఆర్ ఎ బిట్ స్టికీ" అన్నాడని చెబుతారు. పీకల మీదికొచ్చిందని ఆయన భావం. కాస్త ఇబ్బందే, నెట్టుకొస్తారులే అని జనరల్ అనుకున్నాడట. ఆ బెటాలియన్‌లో తప్పించుకుని వచ్చింది కొద్దిమందే, వందలమంది బందీలయ్యారు. ఆ ఒక్క మాటే కారణమని నేననను, శత్రువుల సంఖ్య అంత ఎక్కువ. అయినా "మమ్మల్ని వెనక్కి రానివ్వండి" అనడానికి నోరు రాలేదంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

బీబీసీ కామెడీ సీరియల్ 'యెస్ మినిస్టర్'లో తన నిర్ణయాన్ని అధికారి "కరేజియస్" అంటే మంత్రికి గుండె జారుతుంది. అది మెప్పు కాదు, కొంప మునుగుతుందన్న హెచ్చరిక. ఆ గుట్టు ఆయనకు తెలుసు. మన ఆఫీసుల్లో అందరికీ తెలుస్తుందన్న నమ్మకమేది?

ఇక మీ మెయిళ్లు. "ఐ మే బి రాంగ్", "జస్ట్ ఎ థాట్" లాంటివన్నీ కొట్టేయండి. "హోప్ యూ ఆర్ వెల్" కూడా వద్దు. "ఈ డిజైన్ పనిచేయదు, నెలాఖరు లోడుకు సర్వర్ పడిపోతుంది" అని మొదటి వాక్యంలోనే రాయండి. మేనేజరుకు కోపమొస్తే రానివ్వండి. రేపు అప్రైజల్‌లో "కమ్యూనికేషన్ ఇంకాస్త మెరుగుపడొచ్చు" అని రాస్తారు. అదీ మెత్తని మాటే. ఏ మెయిల్లో ఏ వాక్యం నచ్చలేదో రాసివ్వమనండి.