నేను బిగించిన నట్టు

పాత బండిలో గేర్ సరిగ్గా పడకపోతే మొట్టమొదట ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడాలి. ఆపినప్పుడు అన్నీ సులువుగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని చాలావరకు అర్థం. ఆపినా పడకపోతే అప్పుడు గేర్ రాడ్డు, దాని కింది బుష్షులు, గేర్‌బాక్స్ లోపలి భాగాలు చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. నాకు తెలియక కాదు, తెలిసే చేయలేదు. దోషి ఎవరో అప్పటికే తేల్చేసుకున్నాను. ఆ దోషి మా నాన్న.

విజయనగరంలో ఆయన ఏళ్ళ తరబడి నడిపిన మారుతీ 800 అది. నాలుగు గేర్లు, కేబుల్‌తో పనిచేసే క్లచ్. ఒక వానాకాలం మొదట్లో రివర్స్ వేస్తే గర్రుమనడం మొదలైంది. ఫస్ట్ గేరు కూడా గట్టిగా తోస్తే గానీ పడేది కాదు. "మీరు ఎప్పుడూ హాఫ్ క్లచ్ మీదే నడుపుతారు నాన్నా, గేర్‌బాక్స్ అరిగిపోయింది" అన్నాను. ఆయన ఎదురు చెప్పలేదు. ఆ రోజు నుంచి తాళాలు ముట్టుకోలేదు. నాకు అదీ సబబుగానే తోచింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నిజానికి రివర్స్ గర్రుమనడమే పెద్ద సాక్ష్యం. ముందుకు వెళ్ళే గేర్లకు సింక్రో రింగులుంటాయి. తిరుగుతున్న పళ్ళ వేగాలను అవి సరిచేసి కలుపుతాయి. ఆ బండిలో రివర్స్‌కు ఆ ఏర్పాటు లేదు. క్లచ్ కాస్త అంటుకుని ఉన్నా లోపలి షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. ఆ సంగతి ముందుగా బయటపెట్టేది రివర్సే. అదే రెండో గేరో మూడో గేరో ఒక్కటే గర్రుమని మిగతావి బాగుంటే ఆ గేరు సింక్రో రింగును అనుమానించాలి. నా బండిలో అలా లేదు. ఇబ్బందంతా నిలబడి ఉన్న బండిని కదిలించబోయేటప్పుడే.

కేబుల్ బిగిస్తే సర్దుకుంటుందని ఎవరో అంటే, బానెట్ ఎత్తి అడ్జస్టింగ్ నట్టు తిప్పాను. కాస్త బాగయింది. ఇంకా తిప్పాను. గేర్లు మెత్తగా పడసాగాయి. క్లచ్ పెడల్‌ను చేత్తో నొక్కితే మొదట అంగుళానికి లోపు దూరం ఏ బరువూ లేకుండా కదలాలి. మెకానిక్కులు దాన్నే 'ప్లే' అంటారు. నేను దాన్ని పూర్తిగా మింగేశాను. ప్లేటు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటు స్ప్రింగు వేళ్ళు రిలీజ్ బేరింగ్ వైపు జరుగుతాయి. ఆ జరుగుడుకు చోటిచ్చేది ఆ ఖాళీయే. అది లేకపోతే కాలు తీసేసినా బేరింగ్ వేళ్ళను నొక్కుతూనే ఉంటుంది, ప్లేటుకు గట్టి పట్టు దొరకదు.

పల్లంలో ఏమీ తెలియలేదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే బయటపడింది. బండినిండా మనుషులున్నారు. యాక్సిలరేటర్ నొక్కుతుంటే ఇంజిన్ మోత పెరుగుతోంది గాని బండి వేగం పెరగడం లేదు. పికప్ పోయిందనుకుని ఇంకా నొక్కాను. కమురు వాసన వస్తే ముందు పోతున్న లారీ బ్రేకులనుకున్నాను. అక్కడ కూడా ఆగి ఆలోచించలేదు. అప్పుడే ఆపి, చల్లారనిచ్చి, ఆ నట్టు నాలుగు చుట్లు వదులు చేసి ఉంటే ప్లేటు మిగిలేదేమో!

దిగివచ్చాక ఒక ముసలి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళి గేర్‌బాక్స్ విప్పమన్నాను. ఆయన ముందు హ్యాండ్ బ్రేక్ లాగి, టాప్ గేర్ వేసి, మెల్లగా క్లచ్ వదిలారు. బాగున్న బండి ఆగిపోవాలి. ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంది. వెంటనే ఆపేశారు, ఎక్కువసేపు చేస్తే ఉన్న ప్లేటు కూడా పోతుందని. తర్వాత న్యూట్రల్‌లో పెట్టి పెడల్ నొక్కుతూ వదులుతూ చెవి పెట్టి విన్నారు. నొక్కినప్పుడు కీచుమంటే రిలీజ్ బేరింగ్ అట. వదిలినప్పుడు మోత వచ్చి నొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. మా బండి నొక్కితేనే కీచుమంది. నేను వదలకుండా అరగదీసింది ఆ బేరింగునే. ఇంజిన్ ఆపి గేర్లన్నీ వేసి, "గేర్‌బాక్స్‌కేం రోగం లేదు బాబూ" అన్నారు.

"మరి మొదట్లో ఎందుకు పడలేదు?" అని అడిగాను. ఆయన వంగి డ్రైవర్ కాళ్ళ దగ్గర చూశారు. వానలొస్తున్నాయని నేను కొన్న దళసరి రబ్బరు మ్యాట్ అక్కడ ఉంది, పాతదాని మీదే పరిచి. పెడల్ అడుగుదాకా దిగకుండా అదే అడ్డుపడుతోంది. రెండూ లాగి అవతల పడేసి, కేబుల్ వదులు చేసి ప్లే ఇచ్చి, రివర్స్ వేశారు. చప్పుడు లేదు.

క్లచ్ సెట్టు మార్చడానికి గేర్‌బాక్స్‌ను దించాల్సి వచ్చింది, విప్పాల్సిన పని పడలేదు. ప్లేటు నల్లగా కమిలి రివెట్ల దాకా అరిగింది. హాఫ్ క్లచ్ మీద నడిపినవాళ్ళ ప్లేటు ఇంతకాలం మన్నదని మేస్త్రి అన్నారు. బహుశా మామూలుగానే అన్నారు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి నాన్నకు మ్యాట్ సంగతి, నట్టు సంగతి, ఘాట్ మీద చేసిందంతా వరసగా చెప్పాను. "మీమీద అన్న మాట తప్పు నాన్నా" అన్నాను. ఆయన కాసేపాగి, "ఫ్లైవీల్ దెబ్బ తినలేదు కదా?" అని అడిగారు. వేడికి నీలం మచ్చలు పడ్డాయని, లేత్ మీద పెట్టి కాస్త చెక్కించామని చెప్పి, తాళాలు ఆయన చేతికిచ్చాను.