మూడో మంచం పక్కన

ఆమె చెయ్యి చాపగానే ముందు నాకు కనబడేవి ఆ వేళ్లు. జీడిపిక్కల తొక్కలోని నూనె అంటి నల్లబడిన వేళ్లు. ఎంత తోమినా ఆ నలుపు పోదు. ఆ పైన మణికట్టు దగ్గర ధమనినీ సిరనీ కలిపి కుట్టిన ఫిస్టులా. దాని మీద చెయ్యి వేస్తే సన్నగా గుయ్‌మంటుంది. మనవరాలు ఒకసారి చెవి ఆనించి, "అమ్మమ్మా, లోపల రైలెల్తంది" అందట. ఆ మాట చెప్పుకుని మురిసిపోని రోజు లేదు ఆమెకు.

నేను డయాలసిస్ మిషన్‌ని. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, ఒక ఆసుపత్రిలో మూడో మంచం పక్కన ఉంటాను. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఈ ఊళ్లలో కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. ఎందుకొస్తోందో ఇన్నేళ్ల పరిశోధనలు కూడా ఇదీ అని తేల్చలేదు.

మా వంశానికి ఆద్యుడు 1943లో నెదర్లాండ్స్‌లో పుట్టాడు. జర్మన్ల ఆక్రమణలో ఉన్న దేశంలో కోల్ఫ్ అనే డాక్టరు చెక్క పీపాకి సెల్లోఫేన్ గొట్టం చుట్టి అతణ్ని తయారుచేశాడు. 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ అనే డాక్టరు రోగి చేతికి శాశ్వతంగా గొట్టం అమర్చాకే, కిడ్నీలు పూర్తిగా పాడైనవాళ్లు ఏళ్ల తరబడి బతకడం మొదలైంది.

నా పని చెబుతాను. నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం ఒక సూదిలోంచి తీసుకుంటాను. వెంట్రుకంత సన్నటి వేల గొట్టాలున్న ఫిల్టరులో కడిగి, ఇంకో సూదిలోంచి తిరిగి ఇస్తాను. ఒక్క పూటకి 120 లీటర్ల శుద్ధమైన నీళ్లు తాగుతాను. ఆమెకు మాత్రం రోజంతటికీ కలిపి ఇంట్లో ఒక చిన్న సీసా. పొద్దున్నే నింపుకుంటుంది, మాత్రలకైనా, దాహానికైనా అందులోంచే. ఎండాకాలం జీడి కంపెనీలో కూర్చుని పిక్కలు ఒలుస్తూ కూడా ఆ సీసా దాటదు.

అసలు కిడ్నీలు వారానికి 168 గంటలూ పనిచేస్తాయి. నేను చేసేది పన్నెండే. తక్కిన 156 గంటలూ ఆమే మోస్తోంది. అందుకే ఎవరైనా "మిషనే బతికిస్తోంది" అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. దారుల నిండా చెట్లే, కరెంటు లేదు. జనరేటరు మీద నన్ను నడిపారు. ఆమె వారం తప్పకుండా వచ్చే రోజున రాలేదు. మర్నాడు తమ్ముడి వెంట, పడిన కొబ్బరి మొద్దులు దాటుకుంటూ వచ్చింది. తూకం చూస్తే నాలుగు కిలోలు ఎక్కువ, అంతా నీరే. ఆయాసంతో మాట రావడం లేదు. మధ్యలో జనరేటరు ఆగింది. టెక్నీషియన్ కుర్రాడు నా పంపుని చేత్తో తిప్పి రక్తం వెనక్కి పంపాడు. కాలి కండరాలు పట్టేసి పళ్లు బిగపట్టింది గాని, కళ్లు తెరిచి ఆమె అడిగిందొకటే: "బాబూ, నా తోట పోనాది. మొక్కలు ఎక్కడ దొరుకుతాయో నీకేటైనా తెలుసా?"

నాటింది. మనవరాలి చేత నీళ్లు పోయిస్తూ, పనిలేని పూట తనే గట్టు సర్దుకుంటూ. మొక్క కాపుకి రావడానికి ఏళ్లు పడుతుందని తెలియని మనిషి కాదు.

మొన్న సంచితో వచ్చింది. అందులో రెండు లేత బొండాలు, తోటలో తొలి గెలవి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయని ఒంట్లో అది గుండెనే ఆపేయగలదు. కొబ్బరి నేలలో పుట్టి పెరిగిన మనిషి, ఇన్నేళ్లుగా ఆ చుక్క ముట్టలేదు.

టెక్నీషియన్ బొండాం ఎత్తి తాగుతుంటే, సూదులున్న చెయ్యి కదపకుండా తల మాత్రం ఇటు తిప్పి చూసింది.

"తియ్యగున్నాయా బాబూ?"

"చాలా తియ్యగున్నాయమ్మా."

"నీటి ఒడ్డు చెట్టుది. పైవారం ఇంకో రెండు తెస్తాను," అంది.