చిల్లులకే ధర

మడగాస్కర్ లేస్ మొక్క ఆకంతా ఈనెల అల్లికే. ఈనెకూ ఈనెకూ మధ్య పచ్చగా ఉండాల్సిన చోటంతా చిల్లు. బజారులో తోటకూరకు ఒక్క చిల్లు కనబడితే కట్టను పక్కన పడేసే గృహస్థు, ఈ ఆకుకు చిల్లులు లేకపోతే అక్వేరియం దుకాణదారును నిలదీస్తాడు. తొందరపడకూడదు. దుంప నుంచి ముందుగా వచ్చే ఆకులు నిండుగానే ఉంటాయి. తర్వాతి ఆకులు ఈనెల మధ్య కణాలను తామే చంపుకుని చిల్లులు చేసుకుంటాయి. పురుగు ప్రమేయం ఏమీ లేదు. కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో ఈ కణమరణం మీద పరిశోధనలే జరిగాయి.

దీని శాస్త్రీయ నామం అపోనోజెటాన్ మడగాస్కరియెన్సిస్. పుట్టిల్లు మడగాస్కర్ వాగులు. అక్కడివాళ్లు దుంపను వండుకు తినేవారు. 1850లలో విలియం ఎల్లిస్ అనే మిషనరీ దాన్ని ఇంగ్లండు చేర్చాక, ఉడికే యోగం తప్పి ఊడిగం చేయించుకునే యోగం పట్టింది.

నాటేటప్పుడు దుంప నెత్తి కంకర పైకి కనబడాలి. పూర్తిగా పూడిస్తే కుళ్లుతుంది. నీళ్లలో లవణాలు తక్కువగా ఉండాలి, నీళ్లు మెల్లగా కదలాలి, 20–24 డిగ్రీల చల్లదనం ఉండాలి. హైదరాబాదు బోరు నీళ్లకు మొదటి గుణం లేదు, మే నెలకు చివరిది లేదు. కనుక ఆర్వో నీళ్లు కలపాలి, తొట్టిని ఏసీ గదిలోకి చేర్చాలి. పెద్దవాళ్లు ఫ్యాను కింద, మొక్క ఏసీలో ఎందుకన్న ప్రశ్నకు వృక్షశాస్త్రంలో జవాబు లేదు.

వెలుగు ఎక్కువైతే చిల్లుల్లో నాచు పడుతుంది. తుడవబోతే ఆకు చిరుగుతుంది. నీడ పట్టున ఉంచి, వారం వారం కొంత నీరు మార్చడమే మార్గం. గోల్డ్‌ఫిష్‌ను దరికి రానివ్వకూడదు. అది దుంపతో సహా పెకలిస్తుంది.

ఇన్ని సేవలూ అందుకుని, కొన్ని నెలలకు మొక్క ఉన్నట్టుండి ఆకులన్నీ రాల్చేస్తుంది. చచ్చిందనుకుని పారేసేవారు చాలామంది. దుంపను నొక్కి చూడాలి: గట్టిగా ఉంటే నిద్ర, మెత్తబడితే మరణం, కంపు కొడితే నొక్కనక్కర్లేదు. గట్టి దుంపను ఇంకా చల్లని నీళ్లలో రెండు నెలలు వదిలేసి, మళ్లీ నాటితే చిగురు వేస్తుంది.

బాగా పుంజుకున్న మొక్క నీటి పైకి కాడ పంపి, పాయలుగా చీలిన కంకి పూస్తుంది. పుప్పొడిని మెత్తని కుంచెతో అద్దితే గింజ పట్టవచ్చు. ఆ పని తేనెటీగకు వదిలేద్దామంటే ఏసీ గది కిటికీలు మూసి ఉంటాయి.