తుప్పు పురాణం

మా తోడల్లుడు స్కూటర్ కొన్నాడు. కొత్తది కాదు, 1978 నాటిది. ఏ కంపెనీదో ఇక్కడ రాయను. రాస్తే ఆయన ఫోన్ చేసి, నేను మోడల్ తప్పు చెప్పానని గంటసేపు పాఠం పీకుతాడు. గుంటూరు అవతల ఒక పల్లెలో, పశువుల కొట్టం మూల దొరికిందట. సీటు కింద కోడి పొదుగుతోంది. ఇంటాయన దాన్ని పాత ఇనప సామాన్లవాడికి తూకానికి వేసెయ్యబోతుంటే, ఈయన ప్రహ్లాదుడి కోసం వచ్చిన నరసింహస్వామిలా ప్రత్యక్షమై నలభై వేలు పోసి కాపాడాడు. కోడి సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు నుంచి ఆయన వ్యాకరణం మారిపోయింది. బండిని 'ఇది' అనడం మానేసి 'ఈవిడ' అంటున్నాడు. "ఈవిడకి మంచు పడదు, రాత్రిళ్ళు లోపలే ఉంచాలి" అని ఎవరితోనో ఫోన్‌లో చెబుతుంటే విని మా మరదలు ఒక పూట అన్నం మానేసింది. తరవాత అసలు సంగతి తెలిసి రెండు పూటలు మానేసింది.

"ఆ రోజుల ఇనుమే వేరు అన్నయ్యా! ఇప్పుడొచ్చేవన్నీ ప్లాస్టిక్ డబ్బాలు. ఈ బండికి ప్రాణం ఉంది" అంటాడు. ప్రాణం ఉన్నమాట నిజమే. లేకపోతే అన్నిసార్లు ఎలా పోతుంది?

పాత యంత్రాన్ని బాగుచేసుకుని వాడుకునేవాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. మా వీధి టైలరమ్మ నలభై ఏళ్ళుగా ఒకే కుట్టు మిషన్ మీద జాకెట్లు కుడుతోంది. బెల్టు తెగితే మారుస్తుంది, బిగుసుకుంటే నాలుగు చుక్కలు నూనె వేస్తుంది. దాని ఆత్మ గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడేవాళ్ళతోనే నా పేచీ. ఒకప్పుడు వస్తువులు జీవితాంతం నడిచేవి, జనం వాటిని కన్నబిడ్డల్లా చూసుకునేవారు, ఆ బంధాన్ని మనం తెంపేసుకున్నాం అన్నది వీళ్ళ మూలమంత్రం. దీని సంగతి తేల్చుకుందామని మా మామగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అచ్చం అలాంటి స్కూటర్‌నే ఇరవై రెండేళ్ళు నడిపారు.

ఆ కాలంలో స్కూటర్ కొనడమంటే షోరూముకెళ్ళి రంగు ఎంచుకోవడం కాదు. ఏ కంపెనీ ఎన్ని బళ్ళు తయారుచెయ్యాలో ఢిల్లీలో లైసెన్సు ఇచ్చేవారు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కోసం డబ్బు కట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి, కొందరైతే పదేళ్ళ దాకా, ఎదురుచూశారు. బండి కన్నా ముందు అలాట్‌మెంటు కాగితమే చేతులు మారేది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఉద్యోగం తరవాత అడిగే రెండో ప్రశ్న, బుక్ చేశారా అని. మా మామగారు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. డబ్బు కట్టాక ఆయనకి ఇద్దరు పిల్లలు పుట్టారు, పెద్దదానికి అక్షరాభ్యాసం అయింది, అప్పుడు పుట్టింది స్కూటర్.

"అంత కష్టపడి తెచ్చుకుని ఇరవై రెండేళ్ళు వాడారంటే దాని మీద ఎంత ప్రేమ ఉండి ఉంటుందో!" అన్నాను, తోడల్లుడి తరఫున వకాల్తా పుచ్చుకుని.

"ప్రేమేమిటి అల్లుడుగారూ, ఇంకోటి ఎవడిచ్చాడు?" అన్నారాయన.

తరవాత ఆదివారాల గురించి చెప్పారు. ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దాలి. పాయింట్లు మసిబారితే వాటినీ రుద్దాలి. పెట్రోల్లో ఆయిల్ పాళ్ళు తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు తడిసిపోతుంది. సైలెన్సర్లో బొగ్గు పేరుకుపోతే ఊడదీసి మంటలో కాల్చాలి. ఆ పొగకి పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి పరిగెత్తేవారట. క్లచ్ కేబుల్ ఎప్పుడు తెగుతుందో పంచాంగంలో కూడా ఉండదు కాబట్టి డిక్కీలో ఒకటి ఎప్పుడూ ఉండేది. ఇంత సేవ చేశాక సోమవారం పొద్దున ఆఫీసు వేళకి బండిని పక్కకి వంచి, నిలబెట్టి, చోక్ లాగి, కిక్కు మీద కిక్కు. ఆ అలవాటుకి ఆయన కుడి మోకాలు అరిగి, ఇప్పుడు నూనె దానికి రాస్తున్నారు.

"అమ్మేసినప్పుడు మనసు చివుక్కుమనలేదా?"

"అమ్మితే కదా. పాలబ్బాయి తీసుకుపోతానంటే ఇచ్చేశాను. ఆ నెల పాల డబ్బులు వద్దన్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను."

ఈ సాక్ష్యం మా తోడల్లుడికి వినిపిస్తే, మామగారికి సౌందర్యదృష్టి లేదు పొమ్మన్నాడు. సరే, మామగారొక్కరిని వదిలేద్దాం. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. లీటరుకి ఎనభై కిలోమీటర్లు అంది. పెట్రోలు పోసి, మూత బిగించి, ఇక మర్చిపొమ్మంది. జనం స్కూటర్‌నే మర్చిపోయారు. ఇరవై ఏళ్ళు కన్నబిడ్డలా చూసుకున్నారని చెబుతున్న ఆ జనమే! మైసూరులో యెజ్డీ బైకులు చేసే ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఇవాళ యెజ్డీ అనగానే గుండె మీద చెయ్యి వేసుకునే పెద్దమనుషులు ఆ ఏడాది ఏ షోరూము ముందు క్యూలో నిలబడ్డారో ఒక్కసారి చెప్పమనండి. చేతక్ కూడా వెళ్ళిపోయింది. అమ్ముడుపోతే ఏ కంపెనీ అయినా ఎందుకు ఆపుతుంది? పోయాక పుట్టుకొచ్చిన ప్రేమ ఇదంతా. బతికుండగా ముద్ద పెట్టనివాడు తద్దినానికి గారెలు వండించినట్టు.

కంపెనీలు మనకన్నా తెలివైనవి. 2018లో జావా పేరుతో కొత్త బైకులు వచ్చాయి. 2020లో చేతక్ తిరిగొచ్చింది, కరెంటుతో నడిచేదిగా. చప్పుడు లేదు, పొగ లేదు, కిక్కు లేదు. అంటే పాతదానిలో మనవాళ్ళు ప్రాణం అని పిలిచే మూడూ లేవు. పేరొక్కటీ ఉంది, దానికే అమ్ముడవుతోంది.

ఇక ఈ మతంలో నాకు అన్నిటికన్నా నచ్చే మాట, "నేనే బాగు చేశాను" అన్నది. మా తోడల్లుడు ఈ మాట అన్నప్పుడల్లా బెజవాడ ఆటోనగర్లో ఒక మేస్త్రికి పొలమారుతుంది. ఆరు నెలలు బండి ఆయన షెడ్డులోనే ఉంది. ఇంజన్ విప్పింది మేస్త్రి. సిలిండర్ బోరు చేసింది లేతు దగ్గర కుర్రాడు. తుప్పుకి పోయిన అడుగు రేకు కోసి కొత్త రేకు అతికింది టింకరింగ్ ఆయన. రంగు కొట్టింది ఇంకొకాయన. కేబుళ్ళు, వైరింగ్, టైర్లు, సీటు, దీపాలు అన్నీ కొత్తవి. హైదరాబాద్ పుత్లీబౌలిలో నాలుగు ఆదివారాలు తిరిగి తెచ్చిన 'ఒరిజినల్' హారన్ ఒకటుంది. అది మోగదు, కానీ ఒరిజినల్. లెక్క తేలేసరికి లక్షా ఎనభై వేలు అయింది. బండిలో 1978 నాటిదంటూ మిగిలింది ఆర్‌సీ పుస్తకం. అదీ డూప్లికేటు.

ఆయన చేసిందేమీ లేదనడం అన్యాయం. శనివారం సాయంత్రాలు వెళ్ళి, చేతికి కొద్దిగా గ్రీజు పూసుకుని, పానా పట్టుకుని ఫొటో దిగేవాడు. ఒక ఫొటోలో పానా తలకిందులుగా ఉంది. మేస్త్రి గోడకి ఆనుకుని ఉన్నాడని ఆ ఫొటోలో కొంత కత్తిరించారు.

ఆ మేస్త్రిని నేనొకసారి కలిశాను. అరవై దాటినాయన. కిక్కు శబ్దం విని లోపల ఏ రింగు పోయిందో చెబుతాడు. అంతటివాడు సాయంత్రం షెడ్డు కట్టేసి ఇంటికి బయల్దేరేటప్పుడు చూస్తే, ఎక్కింది ఎలక్ట్రిక్ స్కూటర్! నా మొహం చూసి నవ్వాడు. "నేను పొద్దున్నే టైముకి రావాలి కద సార్" అన్నాడు. ఈ రంగంలో పండితుడి తీర్పు ఇంతకన్నా సూటిగా ఎక్కడా దొరకదు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి కుర్రాళ్ళు ఎవరూ రావడం లేదట. యంత్రాన్ని కాపాడదామని ఇంతమంది బయల్దేరారు గానీ, ఆ విద్య కాపాడదామని తమ కొడుకుని నెలరోజులు ఆ షెడ్డుకి పంపినవాడు ఒక్కడూ నాకు తగల్లేదు.

ఈ మధ్య మా తోడల్లుడు పర్యావరణం కూడా మొదలుపెట్టాడు. కొత్త బండి కొనకుండా పాతది వాడటం భూమాతకి సేవట. టూ-స్ట్రోక్ ఇంజన్లో లోపలికొచ్చిన పెట్రోలులో కొంత కాలకుండానే పొగగొట్టం దారిన బయటికి పోతుంది, దాంతోపాటు ఆయిల్ పొగ ఉచితం. ఇది ఆ ఇంజన్ పుట్టుకలోనే ఉన్న గుణం, ఎంత పాలిష్ పట్టినా పోదు. భూమాత సేవ ముగించుకుని ఆయన సోమవారం ఆఫీసుకి వెళ్ళేది పెద్ద కారులో. పాత స్కూటర్ మీద ప్రేమ ఉండాలంటే ఇంట్లో ఇంకో బండి తప్పనిసరి. ఒకే బండి ఉన్నవాడికి ఈ జబ్బు సోకదు.

స్కూటరు శాఖ ఒక్కటే కాదు, ఈ మతంలో చాలా శాఖలున్నాయి. బుల్లెట్ శాఖవాళ్ళు అందరికన్నా ఆచారవంతులు. పాత ఇనప ఇంజన్ బుల్లెట్‌కి డీకంప్రెసర్ లివర్ పట్టి, కిక్కు మెల్లగా నొక్కుతూ, ఆంపియర్ మీటర్ ముల్లు నడిమధ్యకి వచ్చాక వదిలి తన్నాలి. సంధ్యావందనం మానేసినవాళ్ళు కూడా ఇది మాత్రం తప్పు లేకుండా చేస్తారు. తప్పు జరిగితే కిక్కు రాడ్డు వెనక్కి తన్ని కాలి పిక్క మీద ప్రాయశ్చిత్తం రాస్తుంది.

టైప్‌రైటర్ శాఖది ఇంకో తీరు. గోద్రెజ్ వాళ్ళు 1955 నుంచి చేసిన మిషన్లు వీళ్ళకి ఇప్పుడు విగ్రహాలు. హైదరాబాద్‌లో ఒక కాఫీ హోటల్లో అద్దాల పెట్టెలో పెట్టి, పైన చిన్న దీపం కూడా వెలిగించారు. మా అక్క దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. ఆవిడ గాలాడని ఇన్‌స్టిట్యూట్ గదిలో, ఎండాకాలం, లోయరూ హయ్యరూ పాసయ్యేదాకా వేళ్ళు వాచేట్టు కొట్టింది. ఒక అక్షరం తప్పు పడితే కాగితం మొత్తం మళ్ళీ. కంప్యూటర్ వచ్చిన రోజు తప్పును చెరిపే మీట చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి ఆవిడ. పక్క టేబుల్ మీద కుర్రాడేమో ఆ మిషన్ మీద ఒక వాక్యం కొట్టి, ఫోన్‌తో ఫొటో తీసి, లోకానికి పంపించి, "ఎంత ప్రశాంతంగా ఉందో!" అన్నాడు.

నేనూ తక్కువ తినలేదు. మా నాన్నగారి కీ గడియారం నా దగ్గరుంది. రోజూ పొద్దున ఫోన్‌లో టైము చూసి, దాన్ని సరిచేసి, కీ ఇచ్చి కట్టుకుంటాను. సాయంత్రానికి ఏడు నిమిషాలు వెనకబడుతుంది. ఎవరైనా టైమడిగితే చెయ్యి ఎత్తి గడియారం కనపడేట్టు పెట్టుకుని, రెండో చేత్తో ఫోన్ చూసి చెబుతాను. కాకపోతే దాన్ని 'ఈవిడ' అనను.

మొన్న స్కూటర్ గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళాం. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మామగారిని వెనక కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా తిప్పాలని మా తోడల్లుడి కోరిక. ఆయన తువ్వాలుతో సీటు ఒకసారి తుడిచి, "ఫరవాలేదు బాబూ, నేను దీని మీద చాలా తిరిగాను" అని లోపలికెళ్ళి కాఫీ అడిగారు. తరవాత కిక్కు కొట్టారు. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. చివరికి నలుగురం తోసుకుంటూ పెట్రోలు బంకు దాకా తీసుకెళ్ళాం, ట్యాంకులో చుక్క లేదని అక్కడ తేలింది. పోయించాక స్టార్టయింది, మలుపు దాకా వెళ్ళింది, ఆగింది. ఆటో ట్రాలీ మాట్లాడి ఆటోనగర్ పంపించాం.

తోడల్లుడు ఏమీ చిన్నబుచ్చుకోలేదు. ఆయన చూపంతా 2028 మీద ఉంది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బళ్ళని వింటేజ్ వాహనాలుగా గుర్తించేందుకు కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు కట్టాలి, 'వీఏ' అనే అక్షరాలున్న నంబరు వస్తుంది. ఆ నంబరు పలక గోడమీద ఎక్కడ పెట్టాలో ఆయన ఇప్పుడే మేకు కొట్టి ఉంచాడు. నిబంధనలు నేనూ చదివాను. అలాంటి బండిని రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ తీసుకెళ్ళవచ్చు. అవి కాక పెట్రోలు పోయించుకోవడానికీ, రిపేరుకీ బయటికి రావచ్చు.

2028లో ఆ బండి దినచర్య ఏమీ మారదు.