నిజరూప సిమెంటు

సిమెంటు గచ్చుకు మళ్లీ మంచిరోజులు వచ్చాయట. సంతోషం. రేషన్ డిపోలో, జిల్లా పరిషత్ హైస్కూలు వరండాలో, సైకిల్ స్టాండులో, పోలీస్ స్టేషన్లో నిందితుల్ని కూర్చోబెట్టే మూలలో ఇన్నాళ్లూ మనం తొక్కిన నేలంతా ‘ఇండస్ట్రియల్ లుక్’ అని తెలియక తొక్కేశాం. నాలుగో తరగతిలో మాస్టారు నన్ను మోకాళ్ల మీద నిలబెట్టిన చోటు కూడా జపాన్‌వాళ్లు ‘వాబీ సాబీ’ అనే అసంపూర్తి అందమేనట. మోకాలి చిప్పలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

విశాఖలో సిరిపురం నుంచి మధురవాడ దాకా ఇల్లు బాగుచేయించుకునే ప్రతివాడిదీ ఇప్పుడు ఒకటే పాట. టైలు వద్దు, గ్రానైటు వద్దు, బూడిదరంగు సిమెంటు కావాలి. పక్కనే టెక్కలి కొండల్ని కోసి దేశదేశాలకు గ్రానైటు పంపే ఉత్తరాంధ్రలో, అటు బేతంచెర్ల, ఇటు తాండూరు రాళ్లు లారీల్లో దిగే చోట, స్పెయిన్ నుంచి డబ్బాల్లో వచ్చే సిమెంటు కోసం జనం వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. యాభై కిలోల బస్తా మూడు నాలుగు వందలకు దొరికే సరుకే అది. డబ్బాలోకి ఎక్కేసరికి చదరపు అడుగుకు వందలు అడుగుతోంది.

అమ్మేవాళ్లు చెప్పేదేమిటంటే, ఇది ‘నిజాయితీ గల’ పదార్థం. పైపూతలుండవు, ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. మన సింహాద్రి అప్పన్నే ఏడాదిలో ఒక్కరోజు, అక్షయ తృతీయ నాడు, చందనం ఒలిపించుకుని నిజరూపంలో కనిపిస్తాడు. ఆ కాస్త దర్శనానికి మనం రాత్రంతా క్యూలో నిలబడతాం. ఈ సిమెంటుది మాత్రం మూడువందల అరవై అయిదు రోజులూ నిజరూపమేనట. సరే అని దగ్గరికెళ్లి చూశాను. మొత్తం మందం రెండు మూడు మిల్లీమీటర్లు. సిమెంటులో పాలిమర్ జిగురు కలిపారు. కింద వల, వల కింద ప్రైమరు. పైన రెండు పూతలు పాలియురెథేన్. అంటే అరికాలికి తగిలేది ప్లాస్టిక్కే, సిమెంటు కాదు. అప్పన్న చందనమైనా చెక్కను సానరాయి మీద అరగదీస్తే వస్తుంది. ఈ నిజాయితీకి పూసిన చందనం డ్రమ్ముల్లోంచి వస్తోంది.

రంగు గురించి ఒక మాట. వన్‌టౌన్‌లోనూ జ్ఞానాపురంలోనూ కాపురం చేసే ఆడవాళ్లను అడగండి. పోర్టు నుంచి గాలికి కొట్టుకొచ్చే బొగ్గు ధూళిని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తుడిచి, తుడిచిన గుడ్డ పిండితే వచ్చే నీళ్ల రంగు అదే. వాళ్లు ఎన్నేళ్లుగానో వదిలించుకోవాలని చూస్తున్న బూడిదరంగును బీచ్ రోడ్డు ఫ్లాట్లవాళ్లు అప్పు చేసి వేయించుకుంటున్నారు.

మా మేనల్లుడి ఇల్లు గోపాలపట్నంలో, సింహాచలం రైల్వే స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో. వాళ్ల తాత రైల్వేలో పనిచేస్తూ కట్టించాడు. హాల్లో ఎర్ర గచ్చు, చుట్టూ జానెడు నల్ల అంచు. మూడు తరాల పిల్లలు దాని మీద పాకారు. వేసవి మధ్యాహ్నాలు చాప కూడా వేసుకోకుండా ఇంటిల్లిపాదీ దాని మీదే పడుకునేవాళ్లు. దాన్ని పగలగొట్టించాడు. ‘ఎందుకురా?’ అంటే, ‘సిమెంటు ఫ్లోర్ వేయిస్తున్నా మావయ్యా’ అన్నాడు. ‘ఇది సిమెంటే కదరా?’ అన్నాను. ‘ఇది పాతది. అది కొత్తగా వేసినా పాతదానిలా కనిపిస్తుంది’ అన్నాడు. ఇంజనీరింగ్ చదివినవాడు.

పగలగొట్టడానికి వచ్చిన కుర్రాళ్లు చెమటలు కక్కారు. సుత్తి మిషను నేల మీద ఎగిరెగిరి పడింది తప్ప తొందరగా దిగలేదు. లేచిన ఒక పెళ్ల తీసి చూశాను. కింద కంకర, ఇసుక, సిమెంటు కలిసిన రెండంగుళాల మందం. పైన ఎర్రపొర గోరంత కూడా లేదు. అయినా ఆ రెండూ ఎక్కడా విడిపోలేదు, ఒకే రాయిలా విరిగాయి. విరిగిన అంచు బరకగా ఉంది. పై ముఖం మాత్రం ఇంకా మెరుస్తోంది. కింది కాంక్రీటు పచ్చిగా ఉండగానే పైపొర వేశారు కాబట్టి అలా పట్టింది. ఆ పని చేసిన మేస్త్రీ ఎవరో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. కొత్తగా వచ్చిన డిజైనర్ పేరు మాత్రం గోడ మీద చిన్న ఇత్తడి పలక మీద ఉంది.

అప్పట్లో ఆ పని ఎలా చేసేవారో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. గదిని గళ్లుగా విడగొట్టి, గాజు బద్దలు నిలబెట్టి, ఒక్కో గడి నింపేవారు. పైన మట్టపు బద్ద లాగి చదును చేశాక సిమెంటులో ఎర్రరంగు కలిపి చల్లి, అది మరీ పచ్చిగా ఉండకుండా, మరీ గట్టిపడకుండా ఉండే ఆ కాస్త వ్యవధిలో మేస్త్రీ చెక్క మీద గొంతుక్కూర్చుని తాపీతో రుద్దుతూ రుద్దుతూ వెనక్కి జరిగి గుమ్మంలోంచి బయటపడేవాడు. మర్నాడు చుట్టూ మట్టిగట్టు కట్టి నీళ్లు నిలగట్టేవారు. వారం పైన ఆ గదిలోకి పిల్లి కూడా పోకూడదు. తరవాత కొబ్బరినూనె, నెలల తరబడి తడిగుడ్డ. మెరుపు ఇంటివాళ్ల చేతుల్లోంచి వచ్చేది. ఇందులో ఎక్కడా స్పెయిన్ లేదు.

ఇక నన్ను మండించిన సంగతి. మేనల్లుడికిచ్చిన కొటేషన్ చివరి పేజీలో, జీఎస్టీ లెక్క కింద, చీమ అక్షరాల్లో ఇలా ఉంది: వెంట్రుకవాసి పగుళ్లు లోపం కాదు, అవి ఈ నేల సహజ స్వభావం, వాటికి వారంటీ వర్తించదు.

పగులు స్వభావమట! ఇది రాసినవాడెవడో గానీ వాడికి కళాప్రపూర్ణ ఇవ్వడానికి ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు ఆలోచించాలి. ఇన్నేళ్లుగా తాపీపనివాళ్లకు తట్టని ఉపాయం ఇది. మా చిన్నప్పుడు గచ్చు పగిలితే మేస్త్రీకి చివరి వాయిదా డబ్బు ఆగిపోయేది. అతను ఆ వీధిలో నడవాలంటే తల దించుకునేవాడు. ‘అమ్మగారూ, ఇది పగులు కాదండీ, నేలకు వ్యక్తిత్వం వచ్చింది’ అని ఒక్క ముక్క అని ఉంటే బతికిపోయేవాడు కదా.

మిగతా వృత్తులవాళ్లు దీన్ని ఇంకా అందిపుచ్చుకోకపోవడం ఆశ్చర్యమే. దర్జీ చంక కింద కుట్టు వదిలేసి బట్టకు ఊపిరాడాలి అనవచ్చు. ప్లంబరు కారే కుళాయిని జలధ్వని అని చెప్పి విడిగా బిల్లు వేయవచ్చు. రోడ్డు కాంట్రాక్టర్లకు తెలిస్తే ఇక చెప్పేదేముంది, ప్రతి గుంతా సహజ స్వభావమే.

అనుకున్నట్టే మేనల్లుడి హాల్లో పగులు వచ్చింది. గుమ్మం మూల నుంచి బయల్దేరి టీవీ బల్ల కిందికి పోయింది. డిజైనర్ వచ్చి, వంగి చూసి, ‘బ్యూటిఫుల్’ అన్నాడు. జపాన్లో పగిలిన గిన్నెల్ని లక్కర్ పెట్టి అతికించి బంగారం పొడి అద్దుతారని, కింట్సుగి అంటారని, కావాలంటే ఇక్కడా ఇత్తడి పొడితో నింపుతామని చెప్పాడు. దానికి అడుగు లెక్కన వేరే రేటు. పగులు ఉచితం, పూడిస్తే చార్జీ. జపాన్లో గిన్నె వాడగా వాడగా ఎప్పుడో చెయ్యి జారి పగులుతుంది. ఇక్కడ పాలు పొంగించకముందే పగిలింది. నేను ఈ మాటంటే మేనల్లుడి భార్య నవ్వింది, మేనల్లుడు నవ్వలేదు. చెక్కులు రాసినవాడు వాడే మరి.

వారం తిరక్కుండా రెండో పగులు. దానికి ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. లైకులు వచ్చాయి.

నేల ఎందుకు పగులుతుందో వాళ్లెవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. తేలిగ్గా పరుచుకుంటుందని మాలులో నీళ్లు ఎక్కువ పోస్తారు. ఆ ఎక్కువ నీళ్లు ఆరిపోతూ సిమెంటును ముడుచుకునేలా చేస్తాయి. గళ్లుగా విడగొట్టకుండా ‘అతుకుల్లేని లుక్’ కోసం గదంతా ఒక్క పరుపుగా వేస్తారు. ముడుచుకోవడానికి చోటులేక అది తనంతట తానే చీలుతుంది. కింది నేల పగిలితే మూడు మిల్లీమీటర్ల పైపూత దాన్ని ఆపలేదు, అదే గీత పైకి వస్తుంది. అన్నిటికీ మించి, తడపరు. సిమెంటు ఆరితే గట్టిపడుతుందని జనం అనుకుంటారు. ఆరితే గట్టిపడదు, నీళ్లతో కలిసి రాయిగా మారుతుంది. ఆ నీళ్లు మధ్యలో ఎగిరిపోతే పని అక్కడే ఆగిపోతుంది. పైపొర పిండిలా రాలుతుంది. కాంక్రీటు గురించి మన ఐఎస్ 456 ప్రమాణం మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, స్లాగు వంటివి కలిసిన సిమెంటైతే కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచమంటుంది. ఉక్కు ఫ్యాక్టరీల బ్లాస్ట్ ఫర్నేసుల్లోంచి వచ్చే స్లాగుతో సిమెంటు చేసుకునే ఊరు మనది. ఆ సిమెంటుకు మొదట్లో బలం నెమ్మదిగా వస్తుంది. మిగతా ఊళ్లకన్నా మనకే ఎక్కువ ఓపిక ఉండాలి.

ఓపికకు కొటేషన్లో గడి లేదు. మొత్తం వరసలన్నీ చూశాను. మూడ్ బోర్డుకు డబ్బుంది, కన్సల్టేషనుకు ఉంది, త్రీడీ బొమ్మకు ఉంది, ఫొటోగ్రాఫరుకు ఉంది. పది రోజులు పొద్దునా సాయంత్రం వచ్చి గోనెసంచులు తడిపే మనిషికి ఒక్క రూపాయి లేదు. అడిగితే ‘అది లేబర్ చూసుకుంటారు సార్’. లేబర్ అంటే ఎవరు? మర్నాటికల్లా ఇంకో సైటుకు తోలేసిన కుర్రాళ్లా? పగులు స్వభావం కాదు. ఒకడి కూలి ఎగ్గొట్టిన గుర్తు అది. పని తెలిసిన మేస్త్రీని పక్కనపెట్టి, తడిపే మనిషి కూలి మిగుల్చుకుని, ఆ మిగులుతో మాటలు కొని తెచ్చి మనకే అమ్ముతున్నారు.

ఈ తొందర డ్రాయింగ్ రూముల్లో ఉన్నంతసేపూ నవ్వుకోవచ్చు. 2025 ఏప్రిల్ 30న, చందనోత్సవం నాటి తెల్లవారుజామున, మన అప్పన్న సింహాచలం కొండ మీద మూడువందల రూపాయల టికెట్ క్యూ పక్కన కొత్తగా కట్టిన గోడ వానకు కూలి ఏడుగురు చనిపోయారు. ఉత్సవం ముంచుకొస్తోందని హడావిడిగా లేపిన గోడ అది. గోడ వేరు, గచ్చు వేరని నాకూ తెలుసు. అక్కడ బయటపడిన తప్పులు ఇంకా చాలా ఉన్నాయి. కానీ సిమెంటు పని రేపటికి అయిపోవాలి, ఎల్లుండి జనం రావాలి అనే బుద్ధి మాత్రం ఒక్కటే. సిమెంటు మన క్యాలెండరు చూడదు. పండగ తేదీ, గృహప్రవేశ ముహూర్తం, రిబ్బను కత్తిరించే మంత్రిగారి తీరిక, ఏదీ దానికి పట్టదు. ఈ ఊళ్లో ఇంకా ఎవరికి చెప్పాలి ఈ మాట?

అదే కొండ చుట్టూ పంచగ్రామాలున్నాయి. అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. దేవస్థానం భూముల తగువులో పన్నెండు వేల పైచిలుకు ఇళ్లు అక్కడ చిక్కుకుని పాతికేళ్లు దాటింది. 2019లో చట్టం చేస్తే అదీ కోర్టులో ఆగింది. కురిసే కప్పు బాగుచేసుకోవడానికి కూడా అనుమతి కోసం తిరిగి చెప్పులరిగినవాళ్లు ఆ వీధుల్లో ఉన్నారు. పెచ్చులూడిన గోడ, సగంలో ఆగిన శ్లాబు, పూతలేని సిమెంటు. మన డిజైనర్లు డబ్బు తీసుకుని తెచ్చిపెట్టే ‘అసంపూర్తి అందం’ వాళ్లకు నిర్బంధంగా దక్కింది. ఒక్కడూ వెళ్లి ఫొటో తీయలేదు.

సిమెంటులా కనిపించే టైళ్లు కూడా వచ్చాయి. వాటి గురించి రాసే ఓపిక నాకు లేదు.

సిమెంటు నేల వద్దని నేననడం లేదు. కావాలంటే వేయించుకోండి, మంచి నేలే. అయితే డబ్బాలవాణ్ణి కాకుండా ఎర్ర గచ్చు వేసిన చెయ్యి ఉన్న మేస్త్రీని వెతకండి. పెందుర్తి వైపు, అనకాపల్లి వైపు పల్లెల్లో ముసలివాళ్లు ఒకరిద్దరు ఇంకా దొరుకుతారు. గళ్లు విడగొట్టమనండి. తడిపే మనిషి కూలి ముందే విడిగా రాయించండి, ఆ పది రోజులూ లోపలికి అడుగుపెట్టకండి. పగిలితే చివరి వాయిదా ఆపండి. ఇక పాత గచ్చు ఉన్న ఇళ్లవాళ్లు చేయాల్సింది ఇంకా తక్కువ. ఒక కర్ర పట్టుకుని గదంతా తట్టుకుంటూ వెళ్లండి. బోలుగా మోగిన చోట సుద్దతో గీత గీయండి. అంతవరకే తీయించి వేయించండి. మిగతాది కడిగి, మైనం పట్టించి, నెల రోజులు చూడండి. అంతవరకు సుత్తి మిషను వాణ్ణి రావద్దని చెప్పండి.