గొర్రె నడుము పట్టిన చేతికి కొన్ని సూచనలు

అమెరికాలో కౌంటీ ఫెయిర్ల పేరిట, అంటే ఇంచుమించు జిల్లా స్థాయిలో జరిగే వ్యవసాయ ప్రదర్శనల్లో, ‘మార్కెట్ ల్యాంబ్’ అనే పేరుతో బరిలోకి దిగే జీవం ఏడాది నిండని, ఇంకా పాలపళ్లు రాలని, మాంసం కోసమే మేపిన గొర్రెపిల్ల. అది ఆడదైనా కావచ్చు, విత్తులు తీయించిన మగదైనా కావచ్చు గాని, విత్తులున్న పొట్టేలుకు ఈ విభాగంలో చోటు ఉండదు. దాన్ని పట్టుకొచ్చేది మాంసం వ్యాపారులు కాదు, ఫోర్-హెచ్, ఎఫ్‌ఎఫ్‌ఏ సంఘాల్లో చేరిన బడిపిల్లలు. మొదటి సంఘానికి బీజం 1902లో ఒహాయో రాష్ట్రంలో ఎ.బి. గ్రాహమ్ నడిపిన పిల్లల క్లబ్బులో పడగా, రెండోది 1928లో కాన్సస్ సిటీలో పుట్టింది. పిల్లల వెనక మెట్లమీద తల్లిదండ్రులు, తాతలు, మేత అమ్మినవాడు, గొర్రెపిల్లను అమ్మినవాడు వరసగా కూర్చుని ఉంటారు కనుక, ఈ ప్రదర్శనల్లో తీర్పు చెప్పడానికి కొత్తగా వచ్చిన నిర్ణేత మొదట నేర్వవలసింది గొర్రె శరీర నిర్మాణం కాదు, ఆ మెట్లమీద ఎవరు ఎవరికి ఏమవుతారన్నది.

ఆ తరువాత నేర్వవలసింది చేతిపని. వేళ్లు దగ్గరగా కలిపి, పొడవకుండా, పిసకకుండా, అరచేతిని వెన్నెముకమీద పరిచి భుజాల నుంచి నడుము దాకా తీసుకుపోవాలి. పక్కటెముకలమీద కొవ్వు పొర ఎంత ఉందో అంచనా కట్టి, నడుము వెడల్పును, లోతును రెండు చేతులా పట్టిచూసి, చివరగా తొడ కండను కొలవాలి. పొర ఎంత ఉండాలన్నది నేర్పడానికి అక్కడి శిక్షకులు ఒక సులువు చెబుతారు: పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా తగిలితే జీవం మరీ బక్కది, బొటనవేలి కింది మెత్తటి కండలా తగిలితే మరీ కొవ్వెక్కినది, చాచిన చేతి వెనకభాగంలా తగిలితే సరిగ్గా కోతకు వచ్చినది. ఇంత చక్కని సూత్రం ఉన్నది కాబట్టి నిర్ణేత మధ్యమధ్య తన చేతినే తాను తడిమి చూసుకుంటూ ఉండటం మంచిది. చూసేవారికి అది లోతైన ఆలోచనలా కనిపిస్తుంది.

కొవ్వు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, అమెరికా వ్యవసాయ శాఖ గొర్రెమాంసానికి ఇచ్చే ‘ఈల్డ్ గ్రేడ్’, అనగా కళేబరం నుంచి ఎంత పనికొచ్చే మాంసం దిగుతుందో చెప్పే 1 నుంచి 5 దాకా ఉన్న శ్రేణి, కేవలం 12, 13వ పక్కటెముకల మధ్య కొవ్వు మందంమీదనే ఆధారపడుతుంది. అంగుళాల్లో కొలిచిన మందాన్ని 10తో గుణించి 0.4 కలిపితే గ్రేడు వస్తుంది, 0.2 అంగుళాల కొవ్వుంటే 2.4, 0.3 ఉంటే 3.4. అంటే నిర్ణేత వేలికొనలు చర్మం మీదుగా, బెదిరిపోయి పక్కకు జరుగుతున్న జీవంమీద, అంగుళంలో పదో వంతు తేడాను పసిగట్టాలి. అది సాధ్యమేనని నమ్మని నిర్ణేత ఈ వృత్తిలో ఎక్కువకాలం నిలవడు. నమ్మినవాడికి సాధ్యం కాకపోయినా నష్టమేమీ లేదు.

అయితే చేతికి తగిలేదంతా గొర్రెదే అనుకోవడం పొరపాటు. చేయి పడే వేళకు పిల్లవాడు గొర్రె తలను రెండు చేతులా పట్టి, దాని రొమ్మును తన కాలికి ఆనించి నిలుపుతాడు. ‘బ్రేసింగ్’ అనే ఈ పట్టులో గొర్రె ముందుకు తోస్తూ బిగుసుకుంటుంది, దాంతో నడుము, తొడ గట్టిపడతాయి. కాబట్టి గట్టి నడుముకు మార్కులు వేసేటప్పుడు ఎన్ని మార్కులు పిల్లవాడి మోకాలికి చెందాలో విడదీసే ప్రయత్నం చేయరాదు. అదే విధంగా ఒంటిమీది ఉన్నిని ప్రదర్శనకు ముందు నున్నగా కత్తిరించి కాళ్లమీద మాత్రం వదిలేసి, దువ్వి ఉబ్బించడం వల్ల ఎముక లావుగా కనిపిస్తుందని తెలిసినా, ఎముక లావుగా ఉన్నదనే ప్రకటించాలి. ట్రెడ్‌మిల్లుమీద నడిపించినది, మాసిపోకుండా సాగే గుడ్డతొడుగు వేయించుకున్నది, షాంపూతో స్నానం చేసి వచ్చినది ఎదురుగా నిలబడి ఉండగా ఇది మందలో మేసిన జీవమేనా అని అడగడం సభామర్యాద కాదు. బరిలోకి రాబోయే ముందు వీపుమీద మంచుగడ్డలు పెట్టి కండను బిగిసేలా చేయడం చాలా ప్రదర్శనల్లో నిషిద్ధం. కనుక వీపు చల్లగా తగిలితే వాతావరణాన్ని ప్రశంసించి ముందుకు సాగాలి.

తోకను మొదలంటా కత్తిరిస్తే వెనకభాగం మరింత వెడల్పుగా కనిపిస్తుంది. అలా మరీ పొట్టిగా కత్తిరించిన జీవాల్లో పురీషనాళం జారి బయటికి వచ్చే జబ్బు ఎక్కువవుతుందని పశువైద్యులు తేల్చిచెప్పారు. బహుమతి ఆ వెడల్పుకే వెళుతున్నంతకాలం కత్తెర కూడా అక్కడికే వెళుతుందన్న సంగతి నిర్ణేతకు తెలియకపోతేనే తీర్పు నిష్పాక్షికంగా ఉంటుంది.

తెలుగు నేలమీది వారపు సంతలో యాటను కొనేవాడూ నడుమే పట్టిచూస్తాడు, నోరు తెరిచి పళ్లు చూస్తాడు, ఎన్ని కిలోల మాంసం పడుతుందో మనసులోనే లెక్కగడతాడు. అతని అంచనా తప్పితే సొంత జేబుకు చిల్లు పడుతుంది కనుక అతడు కారణాలు చెప్పడు, బేరమాడతాడు. బరిలోని నిర్ణేతకు ఆ బాధ లేదు. ఆయన చేతికి మైకు ఇస్తారు. ఈ మైకు విద్య కూడా బడిపిల్లల పోటీల్లోనే మొదలవుతుంది. నాలుగు గొర్రెపిల్లలను 24 విధాలుగా వరసపెట్టవచ్చు. అందులో ఒక వరసను నిపుణులు ముందే ఖాయం చేసి ఉంచుతారు, దానికి దగ్గరగా వచ్చిన వారికి 50 దాకా మార్కులు పడతాయి, పిమ్మట కాగితం చూడకుండా సుమారు రెండు నిమిషాల్లో కారణాలు అప్పజెప్పాలి. ఓడిన గొర్రెలోని ఒక మంచి గుణాన్ని ఒప్పుకుని వెంటనే దాన్ని తోసిపుచ్చడం ఈ ప్రసంగంలో ముఖ్యమైన అలంకారం. ఇందులో ఆరితేరినవాడికి తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని నిరూపించడం మాత్రమే కాదు, నాలుగో కాలు ఉంటే నడక చెడేదని వివరించడం కూడా వస్తుంది.

గ్రాండ్ చాంపియన్‌కు ఊదారంగు రిబ్బను కట్టాక వేలం మొదలవుతుంది. స్థానిక వ్యాపారులు మార్కెట్ ధరకు ఎన్నో రెట్లు పాడతారు. పలుచోట్ల వారు చెల్లించేది ఆ పైమొత్తం మాత్రమే, జీవం మటుకు మామూలు ధరకు కబేళా లారీ ఎక్కుతుంది. మార్కెట్ ల్యాంబ్ విలువను మార్కెట్ తప్ప తక్కిన అందరూ నిర్ణయించే ఈ ఏర్పాటు పిల్లల చదువు ఖర్చులకు ఉపకరిస్తుంది కనుక దాన్ని తప్పుపట్టడం సులువు కాదు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందన్న సామెత ఇక్కడ కొంత మారి, కసాయికి అప్పగించవలసిన పిల్లవాడే గొర్రెను పట్టుకుని ఏడుస్తాడు; ఆ సమయంలో నిర్ణేత కారణాలు చెప్పకూడదు.

కొన్ని ప్రదర్శనల్లో కథ అక్కడితో ముగియదు. కోసిన తరువాత కళేబరాలకు వేరే పోటీ పెట్టి, కొవ్వు మందాన్ని కొలబద్దతోనూ, నడుము కండ వైశాల్యాన్ని గళ్ల పలకతోనూ కొలిచి మళ్లీ వరస కడతారు. బరిలో మొదటిది ఇక్కడ అయిదోది కావడం వింతేమీ కాదు. ఆ ఫలితాల కాగితం చేతికి వచ్చినప్పుడు నిర్ణేత తడబడనవసరం లేదు. ఆనాడు మొదటి స్థానానికి ప్రధాన కారణంగా హుందా అయిన నడకను, కాళ్ల పొందికను, తల ఎత్తి నిలిచిన తీరును మైకులో చెప్పి ఉంటే చాలు. కొక్కేనికి వేలాడుతున్నదానిలో వాటిని కొలిచే సాధనం ఏ కబేళాలోనూ లేదు.