వద్దన్న రొట్టె

బియ్యం, గోధుమ, జొన్న, మక్క, పప్పు, పాలు, చక్కెర ఇవేవీ ముట్టనని పట్టుబట్టి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తిరిగాను. ఇంటిపట్టున ఉండే మనిషికి అది సొంత నియమం, అంతే. ఊరూరా తిరుగుతూ పరాయి గడపలు తొక్కే నాలాంటివాడు అదే నియమం పెట్టుకుంటే అందులోకి ఇంకో మనిషి వచ్చి చేరుతుంది. పొయ్యి ముందు కూర్చుని మన కోసం వండే మనిషి. ఆ మనిషి సంగతి నేను ఆలోచించలేదు. రోజూ వేసుకుంటున్న షుగరు మాత్ర సంగతీ ఆలోచించలేదు. చదువుకున్నవాణ్ణి, మిషన్ల మీద బతుకుతున్నవాణ్ణి, ఒక మరను సడలిస్తే ఇంకోటి బిగించాలని ఎరిగినవాణ్ణి. అయినా ఆలోచించలేదు.

పత్తి జిన్నింగ్ మిల్లుల్లో జిన్ను మిషన్లు బాగుచెయ్యడం నా పని. దీపావళి నుంచి సంక్రాంతి దాటేదాకా ఊపిరాడదు. జమ్మికుంటలో పని ముగియకముందే ఆదిలాబాద్ నుంచి ఫోను వస్తుంది. జిన్ను ఆగిందంటే మిల్లు గేటు బయట పత్తి బండ్లు వరుస కడతాయి, రైతులు బండ్ల కిందే పడుకుంటారు. అందుకని ఎవరూ తిని రమ్మనరు, వచ్చి తినమంటారు. వచ్చాక తినే వేళ ఉండదు. కొన్నేళ్లు మిర్చీలు, సమోసాలు, గంటకో చాయ్, అర్ధరాత్రి పరోటాలతో గడిపాను. నడుం చుట్టుకొలత పెరిగింది, కాళ్లు మంటలెత్తాయి, రక్తపరీక్షలో షుగరు తేలింది. డాక్టరు మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రాసి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిండికి ముందు వేసుకోమన్నారు.

అప్పటికే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అన్నం మానేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. 2017, 18 ప్రాంతంలో కొబ్బరినూనె, నిమ్మకాయలు, రోజుకు నాలుగు లీటర్ల నీళ్ల గురించి మాట్లాడని పెళ్లిపందిరి లేదు. నేను పట్టుకున్నది దానికి దగ్గరి చుట్టం, పేలియో. వ్యవసాయం రాకముందు మనిషి ఏం తిన్నాడో అదే మన ఒంటికి సరిపడుతుందన్నది దాని మూలం. 1985లో ఈటన్, కోనర్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక పేరున్న వైద్య పత్రికలో ఈ వాదాన్ని వివరంగా రాశారు. 2002లో లోరెన్ కోర్డెయిన్ పుస్తకం వచ్చాక అది జనంలోకి పోయింది. మాంసం, చేప, గుడ్డు, కూరగాయలు, పండ్లు, గింజలు తినొచ్చు. ధాన్యం, పప్పులు, పాలు, చక్కెర, మిల్లునూనెలు కూడవు. పల్లీ కూడా పప్పుజాతే కనుక అదీ కూడదు.

ఆ నియమంలో మంచి లేదని అనను. మైదా, తీపి చాయ్, మరిగిన నూనె వదిలేసరికి నా ఒళ్లు తేలికైంది, కాళ్ల మంట తగ్గింది. ఆ తిండి దారిలో దొరకదన్న మాట కూడా నిజం కాదు. కరీంనగర్ దాటేముందు మానేరు డ్యాం చేప దొరుకుతుంది. ఏ బస్టాండులోనైనా ఉడకబెట్టిన గుడ్లు ఉంటాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిర్మల్ వెళ్లి, అక్కణ్ణుంచి మహబూబ్ ఘాటు ఎక్కితే, దసరా దీపావళి రోజుల్లో రోడ్డు పక్కన గంపలకొద్దీ సీతాఫలాలు. చలికాలంలో గేగులు, గెనుసుగడ్డలు. ఎండాకాలంలో ముంజలు, మొర్రిపండ్లు, తునికిపండ్లు. అడవి ఇచ్చేదాన్ని ఏరుకుని తినడమే పేలియో అయితే దానికి ఇంతకంటే మంచి దారి ఉండదు. నేను మాత్రం హైదరాబాద్‌లో కొన్న విదేశీ బాదం పొట్లాలు సంచిలో వేసుకుని, కిటికీ పక్కన కూర్చుని, ఆ గంపలను దాటుకుంటూ పోయేవాణ్ణి. పండులో తీపి ఉంటుందని నియమానికి నా సొంత భయం ఇంకొకటి జోడించాను. ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్లు చేసే ఇప్పపువ్వు లడ్డూ ఒకరు చేతిలో పెడితే, అందులో బెల్లం, పల్లీలు ఉన్నాయని తిరిగి ఇచ్చేశాను. ఆ చెయ్యి కాసేపు అలాగే చాపి ఉండటం చూశాను. చూసి కూడా నాకేం తట్టలేదు.

బస్సులో పక్కసీటు ఆడమనిషి సద్దిమూట విప్పి, జొన్నరొట్టె తుంచి ఎల్లిపాయకారం అద్దుకుంటూ, “తింటవా కొడుకా” అని అడిగేది. ఆ దారిలో అడగకుండా తినేవాళ్లు తక్కువ. నేను తల అడ్డంగా ఊపి ఫోను చూసుకునేవాణ్ణి. హోటల్లో అన్నం లేకుండా వట్టి మటన్ కూర అడిగితే, వడ్డించే పిల్లవాడు లోపలికీ బయటికీ తిరిగి, చివరికి ఓనరే వచ్చి ఏం బాగోలేదో చెప్పమనేవాడు. ఆ కూరలో పల్లీపొడి ఉందా, ఏ నూనె అని నేను ఆయన్నే ప్రశ్నించేవాణ్ణి. వేళ కాని వేళ పొయ్యి వెలిగించి పెట్టినవాణ్ణి అలా నిలదీయడం నాకు తప్పుగా తోచలేదు. ఒంటికి జాగ్రత్త పడుతున్నానని అనుకున్నాను.

ఆదిలాబాద్ శివార్లలో ఒక మిల్లుకు వెళ్లినప్పుడల్లా నాకు చేతికింద ఒక గోండు పిల్లవాడు ఉండేవాడు. ఇంద్రవెల్లి మండలంలో వాళ్ల గూడెం. పానాలు అందిస్తాడని తెచ్చుకున్నాను గానీ, మూడో జిన్ను శబ్దంలో తేడా ఉందని నాకంటే ముందు చెప్పగలిగిన చెవి అతనిది. రాత్రి డ్యూటీ ఉన్న ఒకరోజు, పొద్దుగూకేలోపు ఇంటికి పోయి వద్దాం, అమ్మ రమ్మంటోంది అన్నాడు. అతని బండి మీద వెళ్లాం.

అలికిన వాకిట్లో మంచం వేశారు. “రాం రాం దాదా” అని ఆమె లోపలికి పోయింది. నేను కూర్చున్న చోటికి పొయ్యి కనిపిస్తూనే ఉంది. వేడినీళ్లు పోసి జొన్నపిండి పిసికింది. ఉండ తీసి రెండు అరచేతుల మధ్య తిప్పుతూ తట్టింది. పెంక మీద వేసి, చెయ్యి నీళ్లలో ముంచి రొట్టె మీద తడి రాసింది. తడి ఆరగానే తిప్పి, పెంక దించి, రొట్టెను నిప్పుల పక్కన నిలబెట్టింది. అది పొంగింది. ఆ జొన్నలు కొత్త పంటవి. కొత్త పంట ఇంటికొస్తే దేవుళ్లకు పెట్టనిదే వాళ్లు నోట్లో వేసుకోరు. దేవుళ్లకు పెట్టడం అయ్యాక ఇంటికొచ్చిన తొలి మనిషిని నేను. ఇది పిల్లవాడు దారిలోనే చెప్పాడు.

కోడికూర, రొట్టె నా ముందు పెట్టారు. కూర తిన్నాను. రొట్టె పక్కకు జరిపి, “ఇది నేను తిననవ్వా” అన్నాను. ఆమె కొడుకు వైపు చూసి గోండీలో ఏదో అడిగింది. అతను జవాబు చెప్పాడు గానీ నాకు చెప్పలేదు. తినబోయేముందు మంచం మీద కూర్చునే రాత్రి మాత్ర వేసుకున్నాను.

గ్లిమెపిరైడ్ ఎలా పనిచేస్తుందో నాకు అప్పుడు తెలియదు. అది ఒంట్లో ఇన్సులిన్‌ను ఊరిస్తుంది. మనం తిన్నామా లేదా అన్నది దానికి పట్టదు. అన్నమో రొట్టెనో తినే మనిషికి సరిపడా కొలిచి రాసిన మాత్రను, అవి మానేశాక కూడా అదే కొలతలో మింగుతూ వచ్చాను. రక్తంలో షుగరు 70 కంటే దిగితే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, తర్వాత బుద్ధి మసకబారుతుంది. అంతకుముందు బస్సుల్లో అలా చెమటలు పట్టినప్పుడు, ఒళ్లు కొవ్వు కరిగించుకోవడం మొదలుపెట్టిందని సంతోషించాను. ఎవరినీ అడగలేదు.

డబుల్ రోలర్ జిన్నులో, తోలు బిళ్లలు ఒత్తుగా పేర్చి చేసిన రోలర్లు రెండు తిరుగుతుంటాయి. ఒక్కోదానికి ఒక కత్తి ఆనుకుని ఉంటుంది, ఇంకో కత్తి పైకీ కిందికీ ఆడుతుంది. దూది పోగు రోలరుకు అంటుకుని కత్తి కిందుగా పోతుంది. పోలేని గింజ ఆడే కత్తి దెబ్బకు రాలిపడుతుంది. ఆ రాత్రి మిషను ఆపి కత్తి ఎడం సరిచేస్తున్నాను. కుడిచెయ్యి లోపలే ఉంది. బోల్టు రెండుగా కనబడింది. మెడ వెనక తడి. అప్పుడు నేను “చాలూ చెయ్” అన్నానట. నాకు జ్ఞాపకం లేదు. పిల్లవాడు స్విచ్చు మీద చెయ్యి పెట్టి, నా ముఖం చూసి ఆగాడు. “సార్, ముందు చెయ్యి తియ్యుండ్రి” అన్నాడు. నేను తియ్యలేదు. అతనే వచ్చి భుజాలు పట్టి వెనక్కి లాగాడు.

దూది బోరాల మీద కూర్చోబెట్టి, క్యాంటీన్ నుంచి చక్కెర ఎక్కువేసిన చాయ్ తెచ్చి తాగించాడు. సంచిలో ఉన్న షుగరు మిషనుతో వేలు గుచ్చి చూస్తే, చాయ్ తాగిన తర్వాత కూడా 54 చూపించింది. అప్పుడు తన సద్ది విప్పాడు. సాయంత్రం వాళ్లమ్మ చేసిన రొట్టెలే, పచ్చిమిర్చి తొక్కుతో. తుంచి నా నోటికి అందించాడు. నమిలాను. అతను తినాల్సిన తిండిలో సగం పైగా నేనే తిన్నాను.

తెల్లారాక అడిగాను, నిన్న మీ అమ్మ ఏమన్నదని. చెప్పనన్నాడు. బలవంతపెడితే తల దించుకుని చెప్పాడు. “మన చేతిది తినడా అని అడిగింది సార్. అట్ల కాదు, ఆయనకు షుగరు అని చెప్పిన.”

ఈ మాట దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. తాము కిందివాళ్లుగా చూసేవాళ్ల ఇళ్లల్లో నీళ్లు ముట్టని మనుషులు మన దగ్గర తరతరాలుగా ఉన్నారు. నా నియమం నాకు ఆరోగ్యం. ఆమెకు అది తన బతుకంతా చూసిన అవమానమే మరో రూపంలో కనబడింది. ఆమెకు వేరే ఎలా కనబడుతుంది? కూర తిని రొట్టె తోసేసిన మనిషిని చూసి కూడా ఆమెకు ఆ అనుమానమే వచ్చిందంటే, అంతకుముందు ఎన్ని గడపల్లో ఏం జరిగిందో.

ఆదిలాబాద్ గురించి కొంత చదువుకునే తీరిక నాకు ఆ తర్వాతే దొరికింది. డాక్టరు మాత్ర మార్చి, కొన్ని వారాలు దూరం పోవద్దన్నారు. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల బతుకును గ్రంథస్థం చేసిన హైమెన్‌డార్ఫ్ గురించి అప్పుడే చదివాను. ఆయన చూసిన నల్లరేగడిలో జొన్నే ప్రధానమైన తిండిగింజ. ఇవాళ అదే రేగడిలో వానాకాలమంతా పత్తి. నీళ్లున్నవాళ్లు యాసంగిలో జొన్న వేస్తారు. లేనివాళ్లు పత్తి అమ్మి అప్పు కడతారు, మనిషికి నెలకు 6 కిలోల రేషన్ బియ్యం వండుకుంటారు. ఆ పిల్లవాడి ఇంట్లో కూడా రోజూ తినేది బియ్యమే. జొన్న వాళ్లు కొంచెమే వేసుకున్నారు, దేవుడికీ చుట్టానికీ. జొన్నను చేనులోంచి నెట్టేసిన పత్తి మీద నేను జీతం తీసుకుంటున్నాను, మిగిలిన గుప్పెడు జొన్నలతో చేసిన రొట్టెను పక్కకు జరిపాను.

ఇంకొకటి కూడా చదివాను. మొజాంబిక్‌లో ఎన్‌గాలువే అనే గుహలో దొరికిన రాతి పనిముట్ల మీద జొన్నజాతి గింజల పిండి ఆనవాళ్లు ఉన్నాయని 2009లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. కనీసం 1,05,000 ఏళ్ల నాటివట. సాగుచేసిన జొన్న మాత్రం ఆఫ్రికాలో చాలా తర్వాత మొదలై, మన దేశానికి సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట వచ్చింది. గుహలో వాళ్లు ఎంత తిన్నారో, రోజూ తిన్నారో లేదో ఆ పిండి చెప్పదు. రాతియుగం మనిషి ధాన్యం ముట్టలేదని నేను అంత గట్టిగా నమ్మడానికి మాత్రం ఆధారం లేదు. గోదావరి ఒడ్డున రాతి పనిముట్లు దొరికిన నేల మీద తిరుగుతూ, ఇక్కడివాళ్లు అడవిలో ఏం ఏరుకుంటారో, ఏ నెలలో ఏం తింటారో ఒక్కరినీ అడగకుండా, ఎక్కడో రాసిన జాబితాను నమ్మాను.

నేను ఇప్పటికీ మైదా ముట్టను, చాయ్‌లో చక్కెర వేసుకోను. దారిలో గుడ్లు, చేప, ఆకుకూర, కాలాన్ని బట్టి పండు తింటాను. ఎవరింట్లోనైనా రొట్టె పెడితే ఒకటి తిని, రెండు గంటలకు వేలు గుచ్చి చూసుకుంటాను. తిండి మార్చాలనుకునే షుగరు మనుషులకు నేను చెప్పేది ఒకటే: పళ్లెం మార్చేముందు మాత్ర చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి.

ఆ గూడేనికి తర్వాత కూడా వెళ్లాను, వెళ్తూనే ఉన్నాను. నేను వస్తున్నానని తెలిస్తే ఆ తల్లి గుడ్లు ఉడకబెట్టి ఉంచుతుంది. ఇంద్రవెల్లి సంతలో అమ్ముకునే గుడ్లవి. రొట్టె చేసినా అది కొడుకు ముందే పెడుతుంది, నా వైపు రానివ్వదు. డాక్టరు తినమన్నాడని, నాకు కావాలని కొడుకుతో చెప్పించాను. చెయ్యి చాపి నేనే తీసుకుని తిన్నాను. ఆమె కొడుకుతో ఏదో అంది. ఈసారి అతను వెంటనే చెప్పాడు. “మొహమాటానికి తింటున్నరట సార్. పానం ఖరాబ్ చేసుకోవద్దంటుంది.”